డిగ్రీ తరగతులలో పర్యావరణ విద్య

ఇంటర్మీడియట్ పరీక్షాఫలితములు వెలువడిన దినములలో ప్రతి గృహమునందును ఒక చిన్న సభ తీరును. తండ్రి ఒక దారి చెప్పును. మేనమామ వేరొక దారి చెప్పును. పొరుగింటి పిల్లవాడు చేరిన కళాశాల పేరు నడుమ వచ్చును. ఇంజనీరింగు, వైద్యము అను రెండు రాజమార్గములను విడిచినచో, మిగిలిన విద్యలను గురించి తీరికగా విచారించువారు అరుదు. అట్టి విద్యలలో పర్యావరణ విద్య యొకటి. దీని పేరు విననివారు లేరు. కాని దీనియందు ఏమి బోధింతురో, చదివినవారు ఏమి చేయగలరో ఎరిగినవారు కొద్దిమంది. ఈ విద్య స్వరూపమును, ప్రయోజనమును, ఇందలి కష్టమును ఉన్నది ఉన్నట్లు శ్రోతలకు విన్నవింపవలెనని మా సంకల్పము.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలసియున్నది. మన దేశమున డిగ్రీ చదివిన విద్యార్థులలో పెక్కుమంది, వాణిజ్యశాస్త్రము చదివినవారైనను, చరిత్ర చదివినవారైనను, పర్యావరణమును గురించి ఒక చిన్న పాఠ్యభాగమును చదివియే యుందురు. న్యాయవాది ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యమునందు 1991 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశమే దీనికి మూలము. తదుపరి విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము అన్ని డిగ్రీ తరగతులకును వర్తించునట్లు ఆరు నెలల పాఠ్యక్రమమును రూపొందించెను. అందు వ్రాతపరీక్షకు 75 మార్కులు, క్షేత్రపరిశీలనకు 25 మార్కులు. విద్యార్థి ఒక చెరువునో, కొండనో, ఊరి మురుగుకాలువనో స్వయముగా చూచి వ్రాయవలెనని ఆ 25 మార్కుల ఉద్దేశము. పెక్కుచోట్ల అది గదిలో కూర్చుండి వ్రాసిన వ్యాసముగా మారిపోయినది. ఈ చిన్న పాఠ్యభాగమును చూచి, పర్యావరణ విద్య యనగా చెట్లు నాటవలెను, ప్లాస్టిక్ సంచులు మానవలెను అను నీతిబోధయే యని చాలమంది తలంచుచున్నారు. మేము చెప్పబోవునది ఆ పాఠ్యభాగమును గురించి కాదు. మూడు లేక నాలుగు సంవత్సరములు దీనినే ప్రధానవిషయముగా పట్టి చదువు డిగ్రీని గురించి.

ఈ డిగ్రీ మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1962లో రేచెల్ కార్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు క్రిమిసంహారక మందులవలన పక్షులకును, నీటికిని కలుగు కీడును ఒక గ్రంథమున వివరించి లోకమును మేల్కొలిపినది. 1965లో అమెరికాలోని మిడిల్‌బరీ కళాశాల పర్యావరణ అధ్యయనమును డిగ్రీవిషయముగా బోధింప నారంభించెను. 1967లో ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమున పర్యావరణ శాస్త్రములకు ఒక విభాగము వెలసెను. 1969 జనవరిలో కాలిఫోర్నియా తీరమున శాంతా బార్బరా చెంత సముద్రగర్భమునందలి చమురుబావి పగిలి తీరమంతయు నల్లబడినది. మరు సంవత్సరమే ఆ ఊరి విశ్వవిద్యాలయమున ఈ విద్యకు ఒక శాఖ ఏర్పడెను. ఆపద వచ్చిన పిమ్మట విద్య పుట్టుట ఈ శాస్త్రచరిత్రయందు పలుమారులు కనబడు సంగతి.

మన దేశపు చరిత్రయు ఇట్టిదియే. 1972లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి సభకు ఇందిరాగాంధీ స్వయముగా వెళ్లిరి. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టము వచ్చినది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగమునందు పర్యావరణ రక్షణ ప్రభుత్వమునకు కర్తవ్యముగను, పౌరునకు ప్రాథమిక విధిగను చేర్చబడినది. 1981లో గాలి కాలుష్యమును గురించిన చట్టము వెలువడెను. 1984 డిసెంబరులో భోపాల్ నగరమున విషవాయువు వేలమందిని బలిగొన్న పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. చట్టములు పెరిగినకొలది వానిని అమలుపరచుటకు కొలతలు తెలిసిన మనుష్యులు కావలసివచ్చిరి. ఈ డిగ్రీ ప్రయోజనము ఇక్కడనే యున్నది.

పేర్ల విషయమున కొంత జాగ్రత్త అవసరము. 'పర్యావరణ శాస్త్రము' అన్నచో రసాయన, జీవ, భూవిజ్ఞాన శాస్త్రములు పునాదిగా గల చదువు. 'పర్యావరణ అధ్యయనము' అన్నచో ఆ శాస్త్రములతోపాటు చట్టము, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము ఎక్కువ పాలుగా గల చదువు. 'పర్యావరణ ఇంజనీరింగు' అన్నచో నీటిని శుద్ధిచేయు కేంద్రములను, మురుగుకాలువలను, పొగను వడకట్టు యంత్రములను నిర్మించు విద్య. మొదటి రెండును శాస్త్ర, కళాశాఖలకు చెందినవి. మూడవది ఇంజనీరింగు కళాశాలలకు చెందినది. దరఖాస్తు నింపునపుడు ఈ భేదము తెలియక పిమ్మట విచారించువారు కలరు.

ఇక ఈ విద్యలో ఏమి నేర్పుదురు? తొలి సంవత్సరమున రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, నేల, రాయి, వాతావరణము, కొంత గణితము. రెండవ సంవత్సరమున జీవుల పరస్పర సంబంధము, నీటి పరీక్ష, గాలి పరీక్ష, నేల పరీక్ష. పిదప చట్టములు, ఉపగ్రహచిత్రములను చదువుట, ఒక ప్రాజెక్టువలన కలుగు మేలుకీడులను ముందుగా అంచనా వేయుట. కళాశాలనుబట్టి వరుస మారవచ్చును, సారము ఇదియే. ఈ జాబితావలన విద్య రుచి తెలియదు కనుక రెండు మూడు ఉదాహరణములు చెప్పెదము.

నీటిలో కరిగియున్న ప్రాణవాయువును కొలుచుట ఈ విద్యార్థి నేర్చు తొలిపాఠములలో నొకటి. 1888లో వింక్లర్ అను హంగేరీ రసాయనజ్ఞుడు కనిపెట్టిన పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. గాలిబుడగ మిగులకుండ సీసాలో నీరు పట్టి, మాంగనీసు సల్ఫేటును, క్షారముతో కూడిన అయోడైడును కలిపినచో గోధుమవర్ణపు మడ్డి ఏర్పడును. ఆమ్లము కలిపినంతనే మడ్డి కరిగి నీరు పసుపురంగు తాల్చును. గంజి కలుపగా అది నీలమగును. పిమ్మట థయోసల్ఫేటు ద్రావణమును బొట్టుబొట్టుగా వదలుచు, ఆ నీలము మాయమైన క్షణమున ఎంత ద్రావణము ఖర్చయినదో చూచి లెక్క వేయుదురు. స్నానమునకు తగిన నదీజలమున లీటరుకు కనీసము 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండవలెనని మన దేశపు ప్రమాణము.

ఈ అంకెకు ఇంటితో సంబంధమేమి యని శ్రోతలు అడుగవచ్చును. నీరు వేడెక్కినకొలది అందు ఇమిడెడు ప్రాణవాయువు తగ్గును. పగటివేళ నీటిలోని నాచు సూర్యరశ్మివలన ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ ఆ నాచే దానిని పీల్చుకొనును. కావున తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి ఆయాసపడుట కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతపు చేపలరైతులకు తెలియని దృశ్యము కాదు. మేఘావృతమైన దినమున మేత ఎక్కువ వేసినచో మరునాటికి చెరువే పోవచ్చును. కారణము తెలిసినవాడు ముందురాత్రియే గాలిమరలను త్రిప్పించును. ఒక కుటుంబపు సంవత్సరాదాయము ఆ నీలపు రంగు మాయమగు క్షణముపై నిలిచియున్నదనుట అతిశయోక్తి కాదు.

రెండవ ఉదాహరణము మన ఫ్లోరైడు బాధ. 1937లోనే నాటి మదరాసు రాజధానియందలి నెల్లూరు జిల్లా పల్లెలలో, త్రాగునీటియందలి ఫ్లోరైడువలన పండ్లపై మచ్చలు పడి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోవు వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లా ఈ బాధకు పేరుపడినది. ఈ విషము ఏ కర్మాగారమునుండియు వచ్చినది కాదు. నల్లరాతి నేలలయందలి ఖనిజములనుండి అది నీటిలోనికి దిగును. నీటియందు సున్నపుపాలు తక్కువగను, క్షారగుణము ఎక్కువగను ఉన్నచోట మరింతగా కరగును. వాననీరు ఇంకక, బావి లోతు పెరిగినకొలది, నీరు రాతితో చిరకాలము ఒరసికొనియుండుటచే ఫ్లోరైడు హెచ్చు అవకాశము కలదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర మించరాదని ప్రమాణము. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున పటికను, సున్నమును కలిపి ఫ్లోరైడును మడ్డిగా దింపు పద్ధతిని రూపొందించిరి. అది లోకమున 'నల్లగొండ పద్ధతి' అను పేరనే ప్రసిద్ధమైనది. దాని పరిమితులును ఉన్నవి: పటిక పాలు తప్పినచో నీటియందు అల్యూమినియము మిగులును; దిగిన మడ్డిని ఎక్కడ పారవేయవలెననునది వేరొక చిక్కు. చివరకు కృష్ణాజలములను గొట్టములద్వారా పల్లెలకు చేర్చుటయే గట్టి ఉపాయముగా తేలినది. రాతిని చదువుట భూవిజ్ఞానము. నీటిని కొలుచుట రసాయనము. ఎముకను చూచుట వైద్యము. గొట్టము వేయుట ఇంజనీరింగు. ఆ గొట్టము మొదట ఏ ఊరికి పోవలెనని నిర్ణయించుట పరిపాలన. ఈ అయిదింటిని ఒకచోట చేర్చి చూచు చూపునే పర్యావరణ విద్య అలవరచును.

మూడవది కొల్లేరు. ఇది చిక్కైన పాఠము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సులో బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులు వచ్చి కలియును. నీరు ఉప్పుటేరుద్వారా బంగాళాఖాతమునకు పోవును. వరదలు వచ్చినపుడు పొలములు మునుగకుండ నీటిని పట్టియుంచు పెద్ద పాత్ర ఇది. గూడబాతులకును, దూరదేశపు వలసపక్షులకును ఆశ్రయము. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తుగీతలోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను; 2002లో సరస్సు రాంసర్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలల జాబితాలో చేరెను. అప్పటికే సరస్సుగర్భమున చాలభాగము చేపలచెరువులుగా మారియుండెను. 2006లో ఆ చెరువుల గట్లను తెగగొట్టించిరి.

ఇందు ఎవరిది న్యాయము? గట్లు కట్టుటవలన వరదనీటికి దారి లేక ఎగువ పొలములు మునుగుననుట నిజము. మేతలతో, ఎరువులతో, మురుగుతో నీరు చెడుననుటయు నిజము. గట్లు తెగినపుడు జీవనాధారము పోయిన పల్లెవారి దుఃఖమును అంతే నిజము. పెట్టుబడిదారుని పెద్ద చెరువును, మత్స్యకారుల సహకార సంఘపు చిన్న చెరువును ఒకే గాటకట్టుట న్యాయమేనా అను ప్రశ్నకు నీటిపరీక్ష సమాధానము చెప్పజాలదు. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి విజయవాడ నగరమునందలి పేటలను ముంచినది. ఇండ్లలో నడుములోతు నీరు నిలిచినపుడు, వాగు ఎచటనుండి వచ్చును, ఎచటికి పోవలెను, నడుమ దానికి చోటు మిగిలినదా అను ప్రశ్నలు నగరవాసులకును వచ్చినవి. చక్కని గురువు కొల్లేటిని గురించి సిద్ధమైన తీర్పును విద్యార్థికి ఈయడు. పటము, కొలత, చట్టము, జనుల మాట, ఈ నాలుగింటిని వానియెదుట ఉంచి ఆలోచింపుమనును.

ఈ చదువు పల్లెకు నేరుగా ఉపకరించు తావు వేరొకటి కలదు. 2006 నాటి ప్రభుత్వ ప్రకటన ననుసరించి గనులు, పెద్ద కర్మాగారములు మొదలగు పెక్కు ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చుటకు ముందు వానివలన కలుగు ప్రభావమును అంచనా వేసి నివేదిక సమర్పింపవలెను. అట్టివానిలో చాలవానికి ప్రజాభిప్రాయసేకరణ సభ జరుపవలసియుండును. సభకు కనీసము 30 దినముల ముందు ప్రకటన వెలువడవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో, అనగా మనకు తెలుగులో, లభింపవలెను. నివేదిక వందలాది పుటలుండును. ఊరి బావుల నీటిని ఏ నెలలో పరీక్షించిరి, గాలిని ఎన్ని దినములు కొలిచిరి, ఊరి చెరువును పటమున చూపిరా లేదా అని అడుగగలవాడు సభలో ఒక్కడున్నను సభ తీరు మారును. లేనిచో కొందరు ఉద్యోగములు వచ్చుననియు, కొందరు ఊరు పోవుననియు కేకలు వేయుదురు, సభ ముగియును. తన ఊరి కాగితమును తాను చదువగల యువకుడో యువతియో ఇంట నుండుట సామాన్యలాభము కాదు.

ఇంతవరకు విని, 'జీవనోపాధి మాటేమి?' యని పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్న ధర్మమైనది. ఈ డిగ్రీ ఒక్కదానితోనే మంచి జీతముగల ఉద్యోగము వెంటనే లభించునని చెప్పుట సత్యము కాదు. కర్మాగారములలో నీటిని, గాలిని పరీక్షించు ప్రయోగశాలలు, ప్రాజెక్టు నివేదికలు తయారుచేయు సంస్థలు, స్వచ్ఛందసంస్థలు, పాఠశాలలు, ఇవి డిగ్రీ ముగిసినవారికి తొలిమెట్లు. ఎక్కువమందికి ఎం.ఎస్‌సి. తప్పదు. అధ్యాపకత్వమునకు జాతీయ అర్హతపరీక్షలో పర్యావరణ శాస్త్రము ఒక విషయముగా నున్నది. ఇంజనీరింగు పైచదువులకు ద్వారమైన గేట్ పరీక్షలో 2021నుండి పర్యావరణ శాస్త్రమునకు, ఇంజనీరింగునకు కలిపి ఒక పత్రము చేరినది. కాలుష్య నియంత్రణ మండలులలో ఇంజనీరు పదవులకు ఇంజనీరింగు పట్టమునే అడుగుదురు. శాస్త్రజ్ఞుల పదవులు వేరుగా నుండును.

అటవీసేవను కోరువారు ఒక సంగతిని తప్పక గమనింపవలెను. భారత అటవీసేవ పరీక్షకు పశుసంవర్ధన పశువైద్యశాస్త్రము, వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, భూవిజ్ఞానము, గణితము, భౌతికశాస్త్రము, సంఖ్యాశాస్త్రము, జంతుశాస్త్రములలో ఒక్కటియైనను డిగ్రీలో చదివియుండవలెను. లేదా వ్యవసాయము, అటవీశాస్త్రము, ఇంజనీరింగులలో పట్టము ఉండవలెను. ఈ పట్టికయందు పర్యావరణ శాస్త్రము పేరు లేదు. అడవులయందు ప్రీతిచేతనే ఈ డిగ్రీలో చేరి, పిమ్మట అటవీసేవ తలుపు మూయబడియుండుట చూచి చింతించుటకంటె, చేరునాడే వృక్షశాస్త్రమునో రసాయనశాస్త్రమునో తోడుగా ఎన్నుకొనుట మేలు. ఐ.ఏ.ఎస్. మొదలగు సివిల్ సర్వీసులకు మాత్రము ఏ డిగ్రీయైనను చాలును.

దీనినిబట్టి మేము చెప్పు సలహా యొకటి కలదు. విశాలమైన ఈ విద్యకు ఒక గట్టి శాస్త్రమును జంటచేయవలెను. అన్నింటిలో కొంత కొంత తెలిసి, ఏ ఒక్కదానిలోను చేయితిరుగనివానికి ఎక్కడను పిలుపు రాదు. రసాయనము గట్టిగా వచ్చినవాడు ప్రయోగశాలలో నిలుచును. సంఖ్యాశాస్త్రము, ఉపగ్రహచిత్రములు తెలిసినవాడు వరదలను, పంటలను అంచనా వేయు పనులలో నిలుచును. చట్టము పైచదువుగా చదివినవాడు 2010లో ఏర్పడిన జాతీయ హరిత న్యాయస్థానమునందు వాదింపగలడు.

కళాశాలను ఎన్నుకొనునపుడు భవనముల అందమును చూచుటకంటె నాలుగు ప్రశ్నలు అడుగుట మంచిది. విద్యార్థులు సంవత్సరమునకు ఎన్ని దినములు బయట, అనగా చెరువుగట్టున, అడవిలో, కర్మాగారపు మురుగుకాలువచెంత, పని చేయుదురు? ప్రయోగశాలలో నీటిపరీక్షను ప్రతి విద్యార్థియు తన చేతులతో చేయునా, లేక గురువు చేయుచుండగా నలువదిమంది చూతురా? ఈ విషయమునందు పట్టముగల అధ్యాపకులు ఎందరు? ఈ డిగ్రీకి జంటగా ఏ శాస్త్రములను చదువనిత్తురు? ఈ నాలుగింటికిని సూటిగా జవాబు చెప్పు కళాశాల చిన్న ఊరిలోనున్నను చేరవచ్చును. కొందరు తలిదండ్రులు ఆడపిల్లలను ఈ చదువునకు పంపుటకు బయటిపని కారణముగా సంకోచింతురు. ఇంటికి నీరు తెచ్చువారు, కట్టెలపొయ్యి పొగను పీల్చువారు చాలచోట్ల స్త్రీలే కనుక, ఆ బాధలను అడిగి తెలిసికొనుటకు స్త్రీలే ఎక్కువ సమర్థులగుదురని మా అభిప్రాయము.

ఈ విద్యకు కావలసిన గుణము ఒక్కటి కలదు: ఓర్పు. హవాయి ద్వీపమునందలి మౌనా లోవా పర్వతముపై 1958నుండి గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలుచుచున్నారు. ఆనాడు పదిలక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు. 2024 నాటికి 420 దాటినది. చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు ఆ కొలతలను ఆరంభించినపుడు వానివలన ఇంత సంగతి తెలియునని ఎవరును తలంపలేదు. విసువక ప్రతిదినము కొలుచుటచేతనే లోకము వేడెక్కుచున్నదను మాటకు బలమైన ఆధారము దొరికినది.

అట్టి కొలత మన ఇంటివద్దకూడ ఆరంభింపవచ్చును. ఈ విద్యలో చేరదలచిన పిల్లవాడు గాని, అమ్మాయి గాని సెలవులలో పెరటిబావి నీటిమట్టమును వారమునకొకమారు త్రాటితో కొలిచి, వాన కురిసిన దినములతోకూడ ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. మూడు నెలలు విడువక వ్రాసినచో ఆ విద్య వానికి తగినదో కాదో తలిదండ్రులకును, వానికిని తేటపడును. తగినదని తోచినచో సంశయింపక పంపుడు. తగదని తోచినను ఆ పుస్తకము ఇంటికి ఉపయోగపడును.